ఇనుప మేడ మీద తుపాకుల కొట్టు

సోమవారం. నైరుతి గాలి, అలలు మామూలు.

పొద్దున్నే ఇసుక జల్లెడ పట్టాను. గురి బోర్డుల వెనక పోసిన ఇసుకలో నిన్న కాల్చిన తూటాలన్నీ దిగబడి ఉంటాయి. ఆ సీసం ఏరి, కరిగించి మళ్ళీ తూటాలు పోసుకోవాలి. తరవాత రైఫిళ్ళకు పట్టిన ఉప్పు తుడిచాను. సముద్రం మధ్యలో ఉన్న షూటింగ్ క్లబ్బులో రేంజ్ ఆఫీసరు ఉద్యోగమంటే సగం గురి, సగం తుడుపు.

ఈ లాగ్‌లో గాలి దిక్కూ, కాల్చడానికి వచ్చినవాళ్ళ పేర్లూ రాస్తే చాలని మా అధ్యక్షుడు తాతారావుగారు ఎప్పుడూ అంటారు. నా చేతికి కలం దొరికితే అంతటితో ఆగదు. పైగా ఈరోజు సంగతి అంతటితో ఆపేది కాదు.

మా సభ్యులు కొత్తలంక నుంచి పడవలో వచ్చి, మేడ మెట్లెక్కగానే ముందు కాలు నేలకేసి గట్టిగా తన్ని చూసుకుంటారు. ఊళ్ళో అలా తన్నితే కింద గాలి బుంగలు ఊగి, పక్కింటివాళ్ళు తలుపు తీసుకుని తిట్టడానికి వస్తారు. ఇక్కడ ఏదీ ఊగదు. ఎప్పుడో గ్యాసు తవ్వడానికి సముద్రంలో పాతిన ఇనుప కాళ్ళ మేడ ఇది. అందుకే తుపాకులుండేది ఇక్కడే. ఊరు ఊరంతా గాలి నింపిన బుంగల మీద తేలుతున్నప్పుడు తూటాకి ఇంకెక్కడ చోటిస్తారు? మా రైఫిళ్ళన్నిటికీ మేడ తాళం ఉంటుంది. మేడ నుంచి సంకేతం అందుతున్నంతసేపే ట్రిగ్గర్ కదులుతుంది. పడవెక్కి కాస్త దూరం పోతే అది వట్టి ఇనుప కడ్డీ.

ఈరోజు కరుణాకర్ అనే ఆయన పొడుగాటి పెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు. తుపాకులు చేసే ఉరుము కంపెనీ మనిషి. పెట్టె తెరవగానే చెయ్యి చాచాను. అంత తేలికైన రైఫిల్ నేనెప్పుడూ పట్టుకోలేదు. ఉప్పు పట్టని గొట్టం, చెంపకి చల్లగా ఆనే మడమ. దీనికి మేడ తాళం లేదు. యజమాని బొటనవేలి గుర్తు చూసుకుని ఎక్కడైనా పేలుతుంది.

"కాల్చి చూడండి మేడమ్," అన్నాడు.

వరసగా కాల్చాను. తూటా మీద తూటా, ఒకే కన్నంలోంచి పోయాయి. వెనక నుంచి భూషణం నవ్వాడు. "ఇక నిన్ను పట్టలేంలే లోవా," అన్నాడు. భూషణమూ నేనూ చిన్నప్పటి నుంచీ జంట పోటీల్లో ఒకే జట్టు. ఒకరు కాలుస్తుంటే ఒకరు పక్కన కూర్చుని గాలి చెప్పాలి. నా గాలి వాడికీ వాడి గాలి నాకూ కంఠతా వచ్చు.

కరుణాకర్ ప్రతిపాదన చిన్నదే. ఈ రైఫిళ్ళు క్లబ్బే సభ్యులకు అమ్మాలి. అమ్మిన ప్రతిదాని మీదా క్లబ్బుకి వాటా ఉంటుంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. "తూర్పు కాలు తుప్పట్టి పేలికలైపోతంది," అన్నారు తాతారావుగారు. "చందాలతో ఇంకెన్నాళ్ళు నెట్టుకొత్తాం? కాలు ఇరిగితే క్లబ్బూ లేదు, మేడా లేదు. సముద్రంలో ఈదుకుంటా కాల్చుకోవాలి."

భూషణం లేచాడు. వాడికి మేడకి దగ్గర్లోనే నాచు మళ్ళున్నాయి. కిందటి నెల దొంగలు పడవలేసుకొచ్చి పంటంతా కోసుకుపోయారు. అడ్డం వెళ్ళిన భూషణం తమ్ముడి మణికట్టు తెడ్డుతో విరగ్గొట్టారు. "మా ఓడి చెయ్యి ఇంకా లెగట్లేదండి. పోలీసు పడవ రాడానికి పూట పడతంది. అప్పటిదాకా ఈల ఊదుకుంటా కూచోమంటారా? కాల్చడం నేర్చినోళ్ళం మనం. మనకి కాక ఎవరికిత్తారు?"

నేను ఒక్క షరతు మాత్రం పెట్టాను. కొనేవాళ్ళకి నేను నేర్పాలి, నేను సరే అన్నాకే అమ్మాలి. అందరూ ఒప్పుకున్నారు. చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి అందరికన్నా ముందు లేచింది. భుజానికి ఆ మడమ స్పర్శ ఇంకా ఉంది మరి.

గురువారం. గాలి లేదు. ఎండ.

మేడ మీద తిరనాళ్ళలా ఉంది. మెట్ల కింద పడవలు ఒకదానికొకటి కట్టుకుని తోరణంలా నిలిచాయి. ఇన్నేళ్ళలో క్లబ్బు మొహం చూడనివాళ్ళు కూడా సభ్యత్వం రాయించుకున్నారు. నేర్పడంలో నా గొంతు పోయింది. ఊపిరి సగం వదిలి ఆపండి, ట్రిగ్గర్ లాగకండి, నొక్కండి, అవతల ఏముందో చూడకుండా వేలు పెట్టకండి. ఇదే మాట ఎన్నిసార్లు చెప్పానో.

మొదటి రైఫిల్ భూషణమే కొన్నాడు. బొటనవేలు గుర్తు వేసేటప్పుడు నా వైపు చూసి కన్నుకొట్టాడు. రెండో గుర్తుగా నా వేలు పెట్టించాడు. "నాకేవన్నా అయితే ఇది నీకే," అన్నాడు. "నోరు మూసుకో," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తాతారావుగారు తూర్పు కాలికి వెల్డర్లను పిలిపించారు. నిప్పురవ్వలు నీళ్ళలో రాలుతుంటే మేమంతా చిన్నపిల్లల్లా కటకటాల మీంచి వంగి చూశాం. ఈ మేడ మా తరవాత కూడా నిలబడుతుందనే ఆలోచనకే ఒళ్ళు పులకరించింది. ఇలాంటి రోజులు లాగ్‌లో చాలా రాయాలని ఉంది.

శనివారం. వానాకాలం మొదలు. పడమటి గాలి.

లాగ్ తిరగేస్తుంటే ఒక విషయం కంటపడింది. ఈ నెలంతా అమ్మకాలే. కాల్చడానికి వచ్చినవాళ్ళ పేర్లు ఏ పేజీలోనూ నిండలేదు. కొన్నవాళ్ళు మళ్ళీ మెట్లెక్కడం లేదు. తుపాకీ ఇంట్లో ఉంటే మేడ దాకా పడవ తోసుకుంటూ రావడం ఎందుకు? ఆదివారాలు పోటీకి నిలబడేవాళ్ళు, కాల్చడం అయ్యాక మూడో మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ పోట్లాడుకునేవాళ్ళు, ఎవరూ లేరు. వచ్చేదల్లా కొత్తవాళ్ళు. వాళ్ళు అడిగేదల్లా "ఎన్నాళ్ళకిత్తారండి?"

నిన్న ఊళ్ళో జోగారావూ కన్నయ్యా పడవ కట్టుకునే గుంజ దగ్గర గొడవపడ్డారట. ఆ గుంజ ఎవరిదన్నది వాళ్ళ నాన్నల కాలం నుంచి నడుస్తున్న తగువు. ప్రతి ఏడూ వానాకాలంలో ఒకసారి అరుచుకుంటారు, దసరాకి కలిసి తింటారు. ఈసారి జోగారావు అరవలేదట. లోపలికెళ్ళి, మా దగ్గర కొన్న రైఫిల్ తెచ్చి అరుగు మీద పెట్టి పక్కన కూర్చున్నాడట. దాన్ని తాకను కూడా లేదు. కన్నయ్య పగ్గం విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈరోజు పొద్దున కన్నయ్య మేడెక్కాడు. తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఎందుకు కొంటున్నారు?" అనడిగాను.

"కాపలాకండి."

"మీకు నాచు మళ్ళు లేవుగా. దేనికి కాపలా?"

"మనసుకండి," అన్నాడు.

నేర్పినంతసేపూ చెప్పినట్టే చేశాడు. చెయ్యి వణకలేదు, గురి కూడా బావుంది. నేను మాత్రం సరే అనలేదు. కన్నయ్య వెళ్ళి తాతారావుగారి గది బయట కూర్చున్నాడు. కాసేపటికి తాతారావుగారు నన్ను పిలిచారు.

"ఎందుకమ్మా ఒద్దన్నావు? తప్పు చేసేడా?"

"చెయ్యలేదండి. చేస్తాడేమోనని భయం."

"భయానికి రసీదు రాసివ్వలేం కదా. జోగారావుకిచ్చి ఇతనికెందుకివ్వలేదని ఊళ్ళో అడిగితే ఏం చెప్తాం? చూడు లోవా, నేర్చుకునే చోట నీకు నచ్చనోణ్ణి బయట నిలబెట్టొచ్చు. అడిగేవోడుండడు. కొట్టెట్టాకా వచ్చిన బేరాన్ని తిప్పి పంపిత్తే ఎలాగ?"

ఆయన చెడ్డ మనిషి కాదు. ఈ క్లబ్బుని చేతులతో మోసిన మనిషి. ఆయనే సంతకం పెట్టారు. కన్నయ్య నాకు కూడా నమస్కారం పెట్టి, రైఫిల్ తీసుకుని మెట్లు దిగాడు. నిన్న ఒక అరుగు మీద ఒకటి. ఈరోజు రెండో అరుగు మీద రెండోది. రెండూ నేను నేర్పినవే.

ఆదివారం. పడమటి గాలి జోరు. మంచు, జల్లు.

గుండె ఇంకా పడవలోనే ఉన్నట్టుంది. అయినా ఈరోజే రాయాలి.

తెల్లారాక ఇసుక జల్లెడ పడుతుంటే తుపాకీ చప్పుడు వినిపించింది. మా హాల్లో చప్పుడుకి ఇనుప గోడలు మోగుతాయి. ఇది మోగలేదు. నీళ్ళ మీంచి, మంచులోంచి వచ్చింది. తాతారావుగారు టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చారు. రేడియో కరకరలాడింది.

"ఎవరండీ కాల్చింది?" లాంచీ సరంగు అమ్మాజీ గొంతు అది. కొత్తలంకకీ పెదలంకకీ మధ్య లాంచీ నడుపుతుంది. ఆవిడ కంగారుపడగా నేనెప్పుడూ వినలేదు. "ఇంజను పోయిందండి. తూటా ఇంజన్లోంచి పోయింది. బండి నిండా జనం ఉన్నారు. గాలి పాతూరి మీదకి తోసేత్తంది. లంగరేసేను, పట్టట్లేదు."

పాతూరంటే మునిగిపోయిన ఊరు. పోటు దిగిన ఈ వేళకి రెండంతస్తుల ఇళ్ళ పిట్టగోడలు నీటికి అంగుళాల కింద ఉంటాయి. పడమటి గాలికి అలలు అక్కడే విరుగుతాయి. అక్కడికి పోయిన పడవ పడవగా తిరిగి రాదు.

అప్పుడే భూషణం నాచు పడవ మెట్లకి గుద్దుకున్నట్టు ఆగింది. వాడు తడిసి ముద్దయి ఉన్నాడు. కింద నుంచే చెప్పాడు. "దొంగలనుకున్నాను లోవా. దీపం లేదు. మళ్ళలోకి వత్తందనుకున్నాను. ఆపమని అరిచేను. ఆగలేదు. ముందుకి ఒకటి కాల్చేను, భయపెడదారని. అమ్మాజీ లాంచీ అది. మనుషులున్నారు అందులో."

వాడి పడవలో, కూర్చునే పలక మీద, ఆ రైఫిల్ అడ్డంగా పడి ఉంది.

ఏడవడానికీ తిట్టడానికీ టైము లేదు. నాచు పడవ ఇంజను బలమైనది. తడి నాచు కట్టలు లాగడానికి చేసింది కాబట్టి లాంచీని కూడా లాగుతుంది. కానీ మోకు అందించాలంటే లాంచీ దగ్గరికి పోవాలి. అలలు విరిగేచోటికి పోతే మేమూ ఆ పిట్టగోడల మీదే. చేత్తో విసిరితే సగం దూరం కూడా పోదు, అదీ ఈ అడ్డగాలికి.

అంతలో ఒక ఆలోచన మెరిసింది. రైఫిళ్ళు తుడిచే ఇత్తడి కడ్డీల చివర గుడ్డ దూర్చడానికి కన్నం ఉంటుంది. పడవ పందాలు మొదలెట్టేటప్పుడు కాల్చే ఖాళీ తూటాలు బీరువాలో ఉన్నాయి. వాటిలో మందు ఉంటుంది, సీసం ఉండదు. కడ్డీని గొట్టంలోకి జార్చి, కన్నానికి సన్నతాడు కట్టి, ఖాళీ తూటా పేలిస్తే?

ఇదంతా నేను బీరువా దగ్గరికి పరిగెడుతూ అనుకున్నది. కడ్డీలు గుప్పెడు, తూటాలు జేబు నిండా, అలవాటుగా నా క్లబ్బు రైఫిల్ కూడా పట్టుకుని పడవలోకి దూకాను. తాతారావుగారు వెనక నుంచి అరిచారు. "అది పన్జెయ్యదమ్మా. సంకేతం అక్కడిదాకా రాదు."

నిజమే. అక్కడికి పోయాక ఈ లోకంలో పేలగలిగే తుపాకీ ఆ పలక మీద పడున్నది ఒక్కటే.

కాసేపటికి మంచులోంచి లాంచీ బయటపడింది. అది పక్కకి వాలి ఊగుతోంది. కప్పు మీద, అంచుల్లో మనుషులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. దాని వెనక అలలు తెల్లగా విరుగుతున్న చప్పుడు. భూషణం పడవని గాలికి ఎదురు నిలబెట్టాడు. నాచు కట్టే సన్నతాడు బకెట్లో మెలికలు పడకుండా వేశాను. పలక మీది రైఫిల్ వాడికి అందించబోయాను.

వాడు తీసుకోలేదు. రెండు చేతులతో చుక్కాని పట్టుకున్నాడు. "నా వల్ల కాదు. నువ్వే. గాలి నేను చెప్తాను."

నా వేలి గుర్తుకి తాళం తెరుచుకుంది.

ఇన్నేళ్ళుగా నేను నేర్పిందీ నేర్చుకున్నదీ తగిలేలా కాల్చడమే. ఇప్పుడు తగలకూడదు. కడ్డీ మనుషుల తలల మీంచి పోయి, తాడు కప్పు మీద పడాలి. కింద కొడితే ఎవరికో గుచ్చుకుంటుంది. మరీ పైకి కొడితే గాలి పక్కకి కొట్టేస్తుంది.

మొదటిది పేలింది. కడ్డీ పోయింది, తాడు మా దగ్గరే పుటుక్కున తెగింది. అంత ఊపుకి తాడు ఆగదు. భూషణం ఇంజను దగ్గరి తీగ ముక్క పళ్ళతో వంచి ఇచ్చాడు. కడ్డీకి తీగ, తీగకి తాడు కట్టాను. రెండోది పోయింది. తాడు దాని వెంట లేచింది. ఎంత ముచ్చటగా లేచిందో ఆ క్షణంలో కూడా గమనించాను. సగం దాకా పోయి, గాలికి వంగి, లాంచీకి ముందు నీళ్ళలో పడింది. లాంచీలో ఎవరో ఏడుపందుకున్నారు.

"ఎడంకి," అన్నాడు భూషణం. వాడి గొంతు పోటీల్లో ఉన్నట్టే అయిపోయింది. నెమ్మదిగా, నా చెవి పక్కనే. "ఇంకా ఎడంకి. లాంచీని వదిలేయ్, ఆ పక్క ఖాళీలోకి చూడు. గాలే తెచ్చి పెడతది. ఆగు. అల లెగుత్తంది. ఆగు. ఇప్పుడు."

లాంచీ లేనివైపు, వట్టి ఆకాశంలోకి కాల్చాను.

కడ్డీ తప్పుదారి పట్టినట్టే పోయింది. అంతలో గాలి దాన్ని పట్టుకుంది. వెనక తాడు విల్లులా వంగి, కుడికి కొట్టుకొచ్చి, కప్పుకి అడ్డంగా, మనుషుల చేతుల మీద పడింది. అమ్మాజీ దాని మీద పడిపోయినట్టు పట్టుకుంది. భూషణం పెట్టిన కేక పాతూరి గోడలకి వినిపించి ఉంటుంది. నేనూ అరిచాను. ఏమని అరిచానో తెలీదు.

సన్నతాడు వెంట మోకు పోయింది. మోకు బిగిసింది. నాచు పడవ ఇంజను మూలిగింది. లాంచీ అడుగు ఏదో పిట్టగోడని గీరుకున్న చప్పుడు మా దాకా వచ్చింది. తరవాత అది మా వెంట కదిలింది.

అందరూ మేడెక్కారు. ఇంజను పలక పగిలి అమ్మాజీ చెంప చీరుకుంది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. తాతారావుగారు తువ్వాళ్ళు, టీ పంచుతున్నారు. కాలు నేలకేసి తన్ని చూసుకునే ఓపిక ఒక్కరికీ లేదు. అందరూ ఇనుప నేల మీద వెల్లకిలా పడుకున్నారు. నేనూ వాళ్ళ పక్కనే పడుకున్నాను.

భూషణం మాత్రం పడవ దిగలేదు.

బుధవారం. గాలి తగ్గింది.

క్లబ్బు సమావేశం. తూటాలు తగిలే వెనక గోడ దాకా జనం. సభ్యులు కానివాళ్ళు కూడా వచ్చారు.

కరుణాకర్ ముందు మాట్లాడాడు. ఎదురుగా మనవాళ్ళ పడవ ఉంటే గుర్తుపట్టి పేలకుండా ఆగిపోయే కొత్త రకం వస్తోందని, తొందరపడొద్దని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

తరవాత తాతారావుగారు. "దాచుకోకుండా అడుగుతున్నాను. మనం అమ్మకపోతే ఆ రోజు తాడు పంపడానికి తుపాకీ ఉండేదా? లోవ దగ్గరున్న క్లబ్బు తుపాకీ పేలేది కాదు కదా."

"అమ్మకపోతే లాంచీ ఇంజను పోయేదీ కాదండి," అన్నాను.

"దొంగలు?" అన్నారెవరో. "భూషణం తమ్ముడి చెయ్యి మాటేంటి?"

రెండూ నిజాలే. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. అప్పుడు అమ్మాజీ లేచింది. చెంపకి కట్టు, చేతిలో కండువా. ఆవిడ లేస్తే లాంచీలో అయినా జనం ఊరుకుంటారు.

"దీపం బ్యాటరీ ఆరిపోవడం నా తప్పేనండి. నన్ను దొంగనుకున్నందుకు నాకు కోపం లేదు. మంచులో ఎవరైనా అనుకుంటారు. కానండి, భూషణంగారు ఆపమని అరిచినప్పుడు నేను తిరిగి అరిచేను. అమ్మాజీనండీ, లాంచీనండీ అని. బండిలో ఉన్నోళ్ళందరూ అరిచేరు. ఆయన గొంతు మాకినపడింది. మా అందరి గొంతూ ఆయనకెందుకినపళ్ళేదండి?" ఆవిడ భూషణం వైపు తిరిగింది. "తిట్టడం కాదు బాబూ, తెలుసుకుందారని అడుగుతున్నాను. చేతిలో అది ఉంటే చెవులు పన్జెయ్యవా?"

భూషణం లేచి నిలబడ్డాడు. "ఇనపడిందండి," అన్నాడు. "ఏదో అరుపు ఇనపడింది. నేనేం ఇనాలనుకున్నానో అదే ఇన్నాను. తెడ్డు ఒక్కటే ఉంటే, భయమేసి ఇంకో రెండు మాటలు అడిగుండేవోణ్ణి. నేనే ముందు గురి నేర్చినోణ్ణి ఇక్కడ. నేనే అలాగ చేత్తే..." రైఫిల్ తెచ్చి తాతారావుగారి ముందు బల్ల మీద పెట్టాడు. "మా తమ్ముడి సంగతి మటుకు మర్చిపోకండి. పోలీసు పడవ ఈ మేడకాడే ఉండేలా అడగండి. నేను ఒక్కణ్ణే అడిగితే ఇనరు. క్లబ్బు అడిగితే ఇంటారు."

నన్ను మాట్లాడమన్నారు. "ఇక్కడ నా పని ఎవరికి ఇవ్వకూడదో చూడటం. కొట్టు పని అందరికీ ఇవ్వడం. ఆ రెండు పనులూ ఒక మనిషి చెయ్యలేదు. నేను చేసి చూశాను," అన్నాను.

చేతులెత్తారు. కాస్త తేడాతోనే, అమ్మకాలు ఆపాలని తేలింది. అమ్మినవి తిరిగి తెచ్చి ఇమ్మని అడగాలని కూడా. అమ్మకం కొనసాగాలన్నవాళ్ళలో కొంతమంది అప్పుడే సభ్యత్వం వదులుకుని మెట్లు దిగారు. కరుణాకర్ పెట్టెలు పెదలంక క్లబ్బుకి వెళ్ళిపోయాయి. వాళ్ళకి కూడా తుప్పట్టిన కాలు ఏదో ఉండే ఉంటుంది.

అందరూ లేస్తుంటే కన్నయ్య వచ్చి తన రైఫిల్ బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గర జోగారావు నిలబడి అదంతా చూశాడు. చూసి వెళ్ళిపోయాడు. అతనిది ఇంకా అరుగు మీదే ఉంది. రేపు నేనే వాళ్ళింటికి వెళ్తాను.

భూషణం ఏడాదిపాటు తుపాకీ ముట్టకూడదని ఊరి పంచాయితీ తీర్మానించింది. వాడు తల ఊపాడు. లాంచీకి కొత్త ఇంజను పడేదాకా వాడి నాచు పడవే ఉచితంగా లాగుతుంది. అది వాడంతట వాడే అన్నాడు.

శుక్రవారం. ఆకాశం తేటగా ఉంది. పడమటి గాలి, ఓ మోస్తరు.

ఈరోజు హాలు నిండిపోయింది. నాకు నిద్ర పట్టనంత సంతోషంగా ఉంది.

లంకల్లోని లాంచీల సంఘాలన్నీ మనుషుల్ని పంపాయి. సరంగులు, డెక్కు మీద పనిచేసేవాళ్ళు, ఇద్దరు పోలీసు పడవవాళ్ళు. తాడు కాల్చడం నేర్పాలట. ఫీజు వాళ్ళే కడతామన్నారు. తూర్పు కాలు మరమ్మతు సగంలో ఆగి ఉంది. దీంతో పూర్తవుతుందని తాతారావుగారు నమ్మకంగా ఉన్నారు. "తప్పేలాగ కాల్చడం నేర్పే క్లబ్బు ఇదొక్కటేనేమో," అని తనలో తనే నవ్వుకున్నారు.

భూషణం రైఫిల్‌ని మార్చాం. గొట్టం మొదట్లో అడ్డుముక్క బిగించాం. ఇక దానికి సీసం తూటా పట్టదు, ఖాళీ తూటా, ఇత్తడి కడ్డీ తప్ప. దాన్ని లాంచీల కోసమని పంచాయితీ అనుమతించింది.

నేర్పాలంటే ముందు చేసి చూపించాలి. నాచు పడవతో లాగించి అమ్మాజీ లాంచీని మేడకి దూరంగా ఆపాలి. తాడు అందుకోవడానికి దాని కప్పు మీద ఒక మనిషి నిలబడాలి. ఎవరు వెళ్తారని నేను అడిగేలోపే భూషణం లాంచీ ఎక్కేశాడు.

"వేరేవాళ్ళని పంపుతాను," అన్నాను రేడియోలో, లాంచీ దూరంగా ఆగాక.

"గాలి తెలిసినోణ్ణి నేనే కదా. ఇక్కణ్ణించి చెప్తాను," అన్నాడు. "నా మీదకే చూడు లోవా. కొద్దిగా పైకి."

గురిలో మనిషి ఉండగా వేలు పెట్టొద్దని నేను ఎన్నో ఏళ్ళుగా చెప్తూ వచ్చాను. ఇప్పుడు గురిలో భూషణం రెండు చేతులూ పైకెత్తి, కప్పు మీద ఊగుతూ నిలబడి ఉన్నాడు. వాడి మొహం కనిపించేంత దగ్గర కాదు. కానీ వాడు నవ్వడం లేదని నాకు తెలుసు.

"ఎడంకి," అన్నాడు రేడియోలో. "కొంచెం. ఆగు. ఇప్పుడు."

ఊపిరి సగం వదిలి ఆపాను. వాడి చేతుల మీదుగా, వాడి తలకి పైన ఉన్న ఖాళీలోకి కాల్చాను. తాడు వెలుగులో మెరుస్తూ లేచింది, వంగింది. వాడు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.